వివక్షపై గాయకులు నోరు విప్పినప్పుడు శ్రోతలు ఏం చేస్తే మేలు?

సంగీత పరిశ్రమలో జాతి వివక్ష ఉందని ఒక గాయకుడో గాయనో బాహాటంగా అంటే, మొదట వినబడేది సాధారణంగా తిట్టే. "పాట పాడుకోక నీకెందుకివన్నీ" అంటారు. దాన్ని పక్కన పెడితే, అండగా నిలవాలనుకునే శ్రోతల ముందు నాలుగు దారులుంటాయి. సంఘీభావంగా పోస్టు పెట్టవచ్చు, తప్పు చేసినవాణ్ని బహిష్కరించవచ్చు, అడ్డుకున్న పాటను పట్టుబట్టి వేయించవచ్చు, కంపెనీని లెక్కలు అడగవచ్చు. అమెరికాలో నలభై ఏళ్లుగా ఈ నాలుగూ జరిగాయి కాబట్టి ఏది ఎంత పని చేసిందో పోల్చి చూడవచ్చు. మా అంచనాలో ఎక్కువ మంది చేసేవి మొదటి రెండు, ఎక్కువ ఫలితం ఇచ్చేవి చివరి రెండు.

ముందు పోస్టు సంగతి. పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి హత్య జరిగిన వారానికి, 2020 జూన్ 2 మంగళవారం, రికార్డు పరిశ్రమలో పనిచేస్తున్న ఇద్దరు నల్లజాతి మహిళలు జమీలా థామస్, బ్రియానా అగ్యెమాంగ్ ఒక్కరోజు పని ఆపమని పిలుపిచ్చారు. నల్లజాతి కళాకారుల శ్రమతో లాభపడిన కంపెనీలు జవాబుదారీగా ఉండాలన్నది వాళ్ల కోరిక. దానికి 'ద షో మస్ట్ బీ పాజ్డ్' అని సొంత హ్యాష్‌ట్యాగ్ కూడా పెట్టారు. జనంలోకి వెళ్లేసరికి అది ఇన్‌స్టాగ్రామ్‌లో నల్ల చతురస్రంగా మారింది. లక్షల మంది దాని కింద 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' హ్యాష్‌ట్యాగ్ తగిలించడంతో, ఆ ట్యాగ్ వెతికినవాళ్లకు నల్ల గడులు తప్ప ఏమీ కనబడలేదు. నిరసన ఎక్కడ, అరెస్టయినవాళ్ల బెయిలు నిధికి డబ్బు ఎలా పంపాలి వంటి సమాచారం అడుగున పడిపోయింది. కోరిక రాయకుండా బొమ్మ ఒక్కటే పెడితే వచ్చే చిక్కు ఇదే. చూసినవాళ్లకు ఎవరిని ఏమడగాలో తెలియదు. పోస్టే పెట్టాలనుకుంటే నిర్వాహకులు చెప్పిన ట్యాగ్ మాత్రమే వాడి, వాళ్ల కోరికను ఒక్క వాక్యంలో రాస్తే చాలు.

ఆ నెలలోనే పెద్ద రికార్డు కంపెనీలు వార్నర్, సోనీ చెరో 10 కోట్ల డాలర్లు, యూనివర్సల్ 2.5 కోట్ల డాలర్లు సామాజిక న్యాయానికి ప్రకటించాయి. మంచిదే. కానీ విరాళం వేరు, కాంట్రాక్టు వేరు. ఆ ప్రకటనలతో ఏ గాయకుడి రాయల్టీ (పాటల రాబడిలో గాయకుడి వాటా) శాతమూ మారలేదు. అమెరికా గ్రామీణ శైలి అయిన కంట్రీ సంగీతంలో నల్లజాతి గాయని మిక్కీ గైటన్ తన వర్ణం గురించి రాసుకున్న పాట సరిగ్గా ఆ రోజుల్లోనే వచ్చింది. ప్రశంసలు కురిశాయి, అమెరికా సంగీత అవార్డు గ్రామీకి నామినేషన్ కూడా వచ్చింది. కంట్రీ రేడియో మాత్రం ఆ పాటను పెద్దగా పట్టించుకోలేదు. 2011లో నాష్‌విల్‌లో పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకున్న ఆమె మొదటి పూర్తి ఆల్బమ్ వచ్చింది 2021లో.

బహిష్కరణ ఇంకా చిక్కు వ్యవహారం. 2021 ఫిబ్రవరిలో కంట్రీ గాయకుడు మోర్గన్ వాలెన్ నల్లజాతివారిని కించపరిచే మాట వాడిన వీడియో బయటపడింది. పెద్ద రేడియో సంస్థలు అతని పాటలు ఆపేశాయి, స్ట్రీమింగ్ కంపెనీలు తమ ప్లేలిస్టుల నుంచి తీసేశాయి, అతని రికార్డు కంపెనీ ఒప్పందాన్ని నిలిపివేసింది. అయినా అతని ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో వరసగా పది వారాలు మొదటి స్థానంలోనే ఉంది.

ఎందుకలా జరిగిందో చార్టు లెక్క చూస్తే తెలుస్తుంది. అప్పటి నిబంధనల ప్రకారం డబ్బు కట్టి వినేవాళ్ల స్ట్రీములు 1,250, ఉచితంగా వినేవాళ్లవి అయితే 3,750 కలిస్తే ఒక ఆల్బమ్ అమ్మినట్టు. విడిగా కొన్న పది పాటలు కూడా ఒక ఆల్బమే. అంటే ఒక్క పాట కొంటే 125 పెయిడ్ స్ట్రీములతో సమానం. పంతంతో కొన్న అభిమానుల సంఖ్య తక్కువైనా బరువు ఎక్కువ. పైగా అది 30 పాటల ఆల్బమ్, ఒకసారి మొత్తం వింటే 30 స్ట్రీములు. కంపెనీ ప్లేలిస్టు నుంచి తీసేసినా పేరు టైపు చేసి వినేవాణ్ని ఎవరూ ఆపలేరు. తిట్టడానికని పాట పెట్టి విన్నవాళ్ల స్ట్రీములు కూడా ఈ లెక్కలోకే వెళ్తాయి. 2023లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ అంతకన్నా ఎక్కువ వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

అలాగని బహిష్కరణను పూర్తిగా కొట్టిపారేయలేం. వినేవాళ్లు కాకుండా సరుకు ఇచ్చేవాళ్లే తప్పుకుంటే సంగతి మారుతుంది. 2020 నవంబరులో ఆ ఏటి పెద్ద హిట్లలో ఒకటి చేతిలో ఉన్న నల్లజాతి గాయకుడు ద వీకెండ్‌కు గ్రామీ నామినేషన్ ఒక్కటీ రాలేదు. నామినేషన్లను తేల్చే రహస్య కమిటీలు ఉన్నంతకాలం తన సంగీతాన్ని పోటీకి పంపనివ్వనని 2021 మార్చిలో చెప్పాడు. ఏప్రిల్ 30న గ్రామీలిచ్చే రికార్డింగ్ అకాడమీ ప్రధాన విభాగాల్లోనూ సంగీత శైలుల విభాగాల్లోనూ ఆ కమిటీలను రద్దు చేసింది. అతను వేలెత్తి చూపింది రహస్యాన్ని, నేరుగా వర్ణాన్ని కాదు. అయితే అంతకు ఏడాది ముందే నల్లజాతి ర్యాపర్ టైలర్, ద క్రియేటర్ గ్రామీ గెలిచిన రాత్రే, నల్లజాతి కళాకారులను 'అర్బన్' అనే గదిలోకి నెట్టేస్తున్నారని విలేకరుల ముందు అన్నాడు. 2020 జూన్‌లో అకాడమీ ఆ మాటను సమకాలీన ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్ అనే నల్లజాతి సంగీత శైలి) విభాగం పేరులోంచి తీసేసింది. రెండు సందర్భాల్లోనూ మార్చాల్సిన నిబంధన ఏదో స్పష్టంగా ఉంది. వాలెన్ విషయంలో ఫలానా నియమం మార్చండని అడిగినవాళ్లు దాదాపు లేరు.

ఇక పాటను పట్టుబట్టి వేయించడం. 2024 ఫిబ్రవరిలో ఓక్లహోమాలోని కేవైకేసీ అనే కంట్రీ స్టేషన్‌ను ఒక శ్రోత నల్లజాతి గాయని బియాన్సే కొత్త పాట వేయమని కోరితే, మాది కంట్రీ స్టేషన్, ఆమె పాటలు వేయం అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఎక్స్‌లో పెట్టగానే స్టేషన్‌కు ఫోన్లు, మెయిళ్లు పోటెత్తాయి. ఆ రోజే పాట వేశారు. అదే నెలలో ఆ పాట కంట్రీ పాటల చార్టులో మొదటి స్థానానికి చేరింది. నల్లజాతి మహిళ ఆ స్థానానికి రావడం అదే తొలిసారి. అభ్యర్థన పనిచేయడానికి కారణాలు మామూలువే. అడిగింది ఒకే స్టేషన్‌ను, కోరింది ఒకే పాటను, తిరస్కరణ రాతలో ఉంది. టెక్సస్‌లోనో జార్జియాలోనో ఉన్న తెలుగువాళ్లు కూడా చేయగలిగిన పని ఇది. పాట పేరు, గాయకుడి పేరు, మీ ఊరు చెప్పి అడగండి. కాదంటే కారణం మెయిల్‌లో రాయమనండి.

దీనికీ హద్దుంది. 2019లో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాటను, అందులో నేటి కంట్రీ లక్షణాలు చాలవంటూ బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు నుంచి తొలగించింది. జనం అండతో అది అన్ని శైలులకూ కలిపి ఉండే హాట్ 100లో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. కంట్రీ చార్టులోకి మాత్రం తిరిగి రాలేదు. బియాన్సేకు కూడా కంట్రీ సంగీత సంఘం ఇచ్చే 2024 సీఎంఏ అవార్డుల్లో ఒక్క నామినేషన్ రాలేదు. 2025 ఫిబ్రవరిలో ఆమె గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్, ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ రెండూ గెలిచింది. శ్రోతల బలం ఒక పాటకు తలుపు తెరిపిస్తుంది. తర్వాత వచ్చే కొత్త గాయనికి బియాన్సేకున్నంత అభిమాన సైన్యం ఉండదు, ఆమె మళ్లీ అదే తలుపు దగ్గర నిలబడాలి.

అందుకే లెక్కలు అడగడాన్ని అన్నిటికంటే పైన పెడతాం. రూత్ బ్రౌన్ 1950లలో అట్లాంటిక్ రికార్డ్స్‌ను నిలబెట్టిన గాయని. తర్వాత పాటల డబ్బు రాక, ఇళ్లలో పనిమనిషిగా, స్కూలు బస్సు డ్రైవరుగా బతికింది. స్టూడియో ఖర్చులు, అడ్వాన్సులు ఆమె ఖాతాలో బాకీగా రాసి, అది తీరలేదంటూ కంపెనీ రాయల్టీ ఇవ్వలేదు. ఫీజు తీసుకోని లాయరు హొవెల్ బెగల్ సాయంతో ఏళ్ల తరబడి పోరాడింది. 1988లో అట్లాంటిక్ ఆమెకూ ఆ తరం కళాకారులు మరెందరికో పాత బాకీలు మాఫీ చేసింది. ఆ పోరాటంలోంచే రిథమ్ అండ్ బ్లూస్ ఫౌండేషన్ పుట్టింది.

2020లో బీఎంజీ అనే సంగీత కంపెనీ తన పాత కాంట్రాక్టులను తనే తిరగేసింది. నల్లజాతివారూ ఇతరులూ ఉన్న 15 కేటలాగుల్లో (పాటల సముదాయాల్లో) 11 చోట్ల తేడా కనబడలేదు. నాలుగింటిలో నల్లజాతి కళాకారుల రాయల్టీ 1.1 నుంచి 3.4 శాతం పాయింట్లు తక్కువగా తేలింది. ఇది చిన్న అంకె కాదు. అడ్వాన్సు 10,000 డాలర్లు అనుకోండి. రాయల్టీ 10 శాతమైతే లక్ష డాలర్ల రాబడితో బాకీ తీరుతుంది. 7 శాతమైతే దాదాపు 1,43,000 డాలర్లు రావాలి. తక్కువ శాతం రెండుసార్లు దెబ్బ కొడుతుంది, ముందు బాకీ తీరడం ఆలస్యమవుతుంది, తీరాక వచ్చేదీ తక్కువే. 2021 జూన్‌లో సోనీ, 2000కు ముందు సంతకం చేసి ఆ తర్వాత అడ్వాన్సు తీసుకోని అర్హులైన కళాకారులకు, పాత బాకీ చూడకుండా రాయల్టీ చెల్లిస్తామని ప్రకటించింది. 2022లో వార్నర్, యూనివర్సల్ అదే బాట పట్టాయి. ఈ మార్పు అన్ని జాతుల వారికీ వర్తిస్తుంది.

కంపెనీకి రాసేటప్పుడు మూడు ప్రశ్నలు చాలు. జాతివారీగా సగటు రాయల్టీ శాతం ఎంత? తీరని బాకీలున్న పాత కాంట్రాక్టులు ఎన్ని? ఈ లెక్కలు ఏ తేదీకి బయటపెడతారు? గాయకుడి వైపు ఇంకో గడువు ఉంటుంది. కంపెనీ పంపే రాయల్టీ లెక్కల స్టేట్‌మెంట్ అందాక కాంట్రాక్టులో రాసిన కాలంలోపు, చాలాచోట్ల రెండు మూడేళ్లు, అభ్యంతరం చెప్పకపోతే ఆ లెక్కను తప్పుపట్టే హక్కు పోతుంది. ఆడిటర్ ఖర్చు సాధారణంగా గాయకుడే పెట్టుకోవాలి, కొత్తవాళ్లు ఆగిపోయేది అక్కడే. నోరు విప్పిన గాయకుడికి డబ్బు రూపంలో సాయం చేయాలనుకునేవాళ్లు ముందుగా ఆడిటరుకూ లాయరుకూ అయ్యే ఖర్చు చూసుకోవడం మేలు, అదీ గడువు దాటకముందే.