కడుపు చెడిన పిల్లికి గ్యాస్ట్రోఇంటెస్టినల్ ఫుడ్: ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు దండగ

పెంపుడు జంతువుల తిండి చేసే రాయల్ కెనిన్ కంపెనీ వారి గ్యాస్ట్రోఇంటెస్టినల్ మంచి తిండి. పలచటి విరేచనాలతో డీలాపడ్డ పిల్లికి, జబ్బుపడి లేచి మళ్లీ ఒళ్లు కూడదీసుకోవాల్సిన పిల్లికి ధైర్యంగా పెట్టొచ్చు. కాకపోతే అది ఒక రకం బాధకు చేసిన తిండి. పిల్లికి కడుపు బాగాలేదనగానే ఏ బాధో చూడకుండా కొనేస్తే డబ్బూ పోతుంది, నాలుగు రోజుల కాలమూ పోతుంది. పిల్లి విషయంలో ఆ నాలుగు రోజులే ఖరీదైనవి.

ఇది రెండు రూపాల్లో వస్తుంది. డ్రై ఫుడ్ 400 గ్రాములు, 2 కిలోల సంచుల్లో. వెట్ ఫుడ్ 85 గ్రాముల పౌచ్‌లో, గ్రేవీలో చిన్న ముక్కలుగా. విజయనగరం, శ్రీకాకుళం షాపుల్లో మామూలు పిల్లి తిండి ఎప్పుడూ ఉంటుంది కానీ ఈ రకం లేకపోతే చెప్పి తెప్పించుకోవాలి, లేదా ఆన్‌లైన్లో పెట్టుకోవాలి. సంచి మీద ‘ఫెలైన్’, అంటే పిల్లులది, అని ఉందో లేదో చూసుకోండి. ఇదే పేరుతో కుక్కలదీ ఉంది, సంచులు చూడ్డానికి దగ్గరదగ్గరగా ఉంటాయి. కుక్కల తిండి పిల్లికి చాలదు. గుండెకూ కళ్లకూ కావాల్సిన టారిన్ అనే పోషకాన్ని పిల్లి ఒళ్లు తనకు సరిపడా తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి.

ఇందులో తేలిగ్గా అరిగే మాంసకృత్తులు, పేగులోని మంచి బాక్టీరియాకు మేతయ్యే పీచు, చేపనూనె కొవ్వులు ఉంటాయి. క్యాలరీలు దట్టంగా ఉంటాయి కాబట్టి కొంచెం తిన్నా సరిపోతుంది, నీరసించిన పేగు మీద భారం తగ్గుతుంది. బక్కచిక్కిన పిల్లికి ఇది వరం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన, ఇంట్లోనే తిని పడుకునే లావు పిల్లికి మాత్రం ఇదే తిండి నెలల తరబడి పెడితే ఇంకా లావెక్కుతుంది. అలాంటివాటికి అదే కంపెనీలో క్యాలరీలు తగ్గించిన మోడరేట్ క్యాలరీ రకం వేరే ఉంది.

కొనేముందు ఇసుక డబ్బాలోకి ఓసారి చూడండి. రోజుకు రెండుమూడుసార్లే, కానీ ఎక్కువ మోతాదులో నీళ్లలా పోతోందంటే బాధ చాలావరకు చిన్నపేగుది. ఈ తిండి పనిచేసేది అక్కడే. అలా కాకుండా మాటిమాటికీ వెళ్లి, ముక్కి, కొంచెం కొంచెంగా జిగటగా, ఒక్కోసారి రక్తపు చారతో పోతోందంటే అది పెద్దపేగు బాధ. దానికీ, గట్టిపడి రాని మలబద్ధకానికీ అదే వరసలో ఫైబర్ రెస్పాన్స్ అని ఇంకో రకం ఉంది. అందులో ఇసబ్గోలు పొట్టు ఉంటుంది. ఈ రెండు సంచులూ ఒకే మందనుకుని ఒకదాని బదులు ఇంకోటి తీసుకోకండి.

వాంతి సంగతీ అంతే. తిన్న వెంటనే, కడుపు ఎగదోయకుండా, నమలని డ్రై ఫుడ్ పలుకులు గొట్టంలా బయటికొస్తే అది వాంతి కాదు, ఆబగా మింగడం వల్ల వెనక్కి వచ్చింది. ప్యాకెట్ మార్చక్కర్లేదు. లోతు గిన్నె తీసేసి వెడల్పాటి పళ్లెంలో పలుకులు పలచగా పరిచి, రోజు తిండిని నాలుగైదు పూటలకు పంచితే చాలాసార్లు తగ్గిపోతుంది. ఇలా చేశాకా వస్తూనే ఉంటే డాక్టరుకు చూపించాలి. పొట్ట ఎగరేస్తూ, పసుపు నీళ్లో నురగో కక్కితే అది వాంతి.

ఇక మన ఇళ్లలో పెట్టే తిండి. పాలన్నం, పెరుగన్నం, ఎండు నెత్తళ్లు, చికెన్ కొట్టువాళ్లు ఇచ్చే పేగులు, తోళ్లు. పాలు మానిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. అది పేగులో పులిసి నీళ్లను లాక్కుంటుంది, విరేచనాలవుతాయి. ఎండు చేపలో ఉప్పు విపరీతం. పచ్చిచేపే రోజూ పెడితే కొన్ని రకాల చేపల్లో ఉండే ఎంజైమ్ బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. కూరలో ముక్క తీసి నీళ్లతో కడిగి పెట్టినా ఉల్లి, వెల్లుల్లి పోవు, అవి పిల్లి ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. వంటింట్లో ఖరీదైన సంచి పెట్టుకుని, వెనక గుమ్మం దగ్గర అమ్మమ్మగారు గిన్నెడు పాలు పోస్తుంటే విరేచనాలు ఆగవు. తిండి పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. ఇంట్లో అందరికీ చెప్పండి, పక్కింటివాళ్లకూ చెప్పండి. వారం రోజులు పాలు ఆపితేనే తగ్గిపోతే మీకసలు ఈ ప్యాకెట్టే అక్కర్లేదు.

మోతాదు కళ్లతో కొలవకండి. 4 కిలోల పిల్లికి రోజుకు 200 నుంచి 240 కిలోక్యాలరీలు కావాలి. ఈ డ్రై ఫుడ్‌లో 100 గ్రాములకు సుమారు 400 ఉంటాయి. అంటే రోజంతటికీ 50 నుంచి 60 గ్రాములే. గుప్పెడు గుప్పెడు పోస్తే అది తెలీకుండానే 80 దాటుతుంది, ఎక్కువైన తిండి అరక్క మళ్లీ పలచగా పోతుంది, తప్పు ప్యాకెట్ మీదికి వస్తుంది. వంటింటి ఎలక్ట్రానిక్ కాటాలో పొద్దున్నే రోజు తిండంతా తూచి ఒక డబ్బాలో పెట్టుకుంటే, ఎవరు పెట్టినా ఆ డబ్బాలోంచే పెడతారు.

పాత తిండిలోంచి దీనికి వారంలో మారాలి. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత రెండు రోజులు సగం, ఆ తర్వాత రెండు రోజులు ముప్పావు, ఏడో రోజు పూర్తిగా. విరేచనాలు జోరుగా ఉన్నప్పుడు డాక్టరు ఒకేసారి మార్చెయ్యమంటే అలాగే చెయ్యండి. డాక్టరు యాంటీబయాటిక్ రాసి, ప్రొబయాటిక్ పొడి (పేగుకు మంచి చేసే బాక్టీరియా పొడి) కూడా ఇస్తే రెంటికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి.

తిండి మీద ధ్యాసే లేని పిల్లికి మొదట డ్రై ఫుడ్ వద్దు, పౌచ్‌తో మొదలుపెట్టండి. పిల్లి తిండిని మొదట పసిగట్టేది వాసనతో. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి గ్రేవీకి వాసన ఉండదు. పౌచ్‌ను కత్తిరించకుండా వేణ్ణీళ్ల గ్లాసులో ఐదు నిమిషాలు ఉంచితే పిల్లి ఒంటి వేడికి, అంటే 38 డిగ్రీల దగ్గరికి వస్తుంది. వేలికి గోరువెచ్చగా తగిలితే చాలు. చాలా పిల్లులు గ్రేవీ నాకేసి ముక్కలు అంచుకు నెట్టి వదిలేస్తాయి. పళ్లెంలో పోశాక ఫోర్కుతో ముక్కలన్నీ చిదిమి, రెండు చెంచాల వేణ్ణీళ్లు కలిపి జావలా చేస్తే మొత్తం లోపలికి పోతుంది, నీళ్లు కూడా అందుతాయి. పిల్లికి రోజుకు కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్లు కావాలి, తిండిలోవీ కలిపి. డ్రై ఫుడ్ ఒక్కదానితో అన్ని నీళ్లు తాగే పిల్లులు తక్కువ. నోట్లో సిరంజితో బలవంతంగా పొయ్యకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, పైగా ఆ తిండి వాసనంటేనే పిల్లికి భయం పుడుతుంది.

సంచి సైజు గురించి గట్టిగానే చెబుతాం. ఒక్క పిల్లి ఉన్న ఇంటికి 400 గ్రాములదే కొనండి. రోజుకు 50 గ్రాముల చొప్పున అది 8 రోజులొస్తుంది. 2 కిలోలది 40 రోజులు. లెక్కకు పెద్దదే చవక. కానీ భీమిలి నుంచి బారువ దాకా మన సముద్రపు గాలిలో తెరిచిన సంచి 40 రోజులు ఉంటే తేమ పడుతుంది, కొవ్వు కనరెక్కుతుంది. మనకు వాసన తేడా తెలియకపోయినా పిల్లికి తెలుస్తుంది, మూతి తిప్పుకుంటుంది. సంచిని ఒంపకుండా, సంచితో సహా గట్టి మూతున్న స్టీలు డబ్బాలో పెట్టండి. తెరిచిన పౌచ్ ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి వద్దు. ఎండాకాలంలో పళ్లెంలో గంట దాటిన గ్రేవీని పారెయ్యాలి.

ఈ తిండికి చీమలు ఇట్టే పడతాయి. చీమల చాక్‌పీసుతో పళ్లెం చుట్టూ గీత గీయడం మన వైపు అలవాటు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. అందులో ఉండేది పైరిత్రాయిడ్ జాతి పురుగుమందు. పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. కాలికంటింది నాకితే వణుకు, ఫిట్స్ వస్తాయి. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో తిండి గిన్నె పెట్టండి. చీమ దాటలేదు.

ఫలితం ఎప్పుడు కనిపిస్తుంది? తిండి వల్ల వచ్చిన విరేచనమైతే రెండుమూడు రోజుల్లో మలం ముద్ద కట్టడం మొదలవుతుంది. వారమైనా రాలేదంటే ఇంకో సంచి కొనకండి, చిన్న మూత డబ్బాలో తాజా మలం పట్టుకుని పశువుల ఆసుపత్రికి వెళ్లి పరీక్ష చేయించండి. బయట తిరిగే పిల్లికి మూడు నెలలకోసారి నట్టల మందు పడకపోతే ఏ తిండి పెట్టినా నిలవదు. తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి అంటుకుని ఉంటే అవి బద్దెపురుగు ముక్కలు, దాని మందు వేరు. విజయనగరం జిల్లావాళ్లకు గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. మామూలు వైద్యానికి లొంగని కేసైతే అక్కడికి తీసుకెళ్లడం మంచిది.

ఏ తిండితోనూ ఆగకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. పెద్ద పిల్లి ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే అదే రోజు డాక్టరును కలవాలి. లావు పిల్లి రెండుమూడు రోజులు పస్తుంటే ఒంటి కొవ్వంతా కాలేయంలో పేరుకుని ప్రాణాంతకమవుతుంది. కూనలకైతే అంత గడువూ లేదు. మగపిల్లి ఇసుకలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకమనుకుని ఆముదం పట్టేవాళ్లున్నారు. అది మూత్రం బిగుసుకుపోవడం కావచ్చు, గంటల్లో చూపించాలి. మల్లెపూల దారం, రాఖీ దారం మింగిన పిల్లి కక్కుతూనే ఉంటుంది. నోట్లోనో మలద్వారం దగ్గరో దారం కొస కనబడితే లాగకండి, పేగు తెగుతుంది. కొసను అలాగే వదిలి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. జ్వరంలా ఉందని పారాసిటమాల్ ముక్క వేస్తే పిల్లి బతకడం కష్టం.

ధర ఎక్కువే. మామూలు పిల్లి తిండికి ఎన్నో రెట్లు పెట్టాలి. కొనలేనివాళ్లకు, సంచి వచ్చేలోపు ఆగలేనివాళ్లకు తోలు తీసిన కోడి రొమ్ముముక్క మంచి బదులు. ఉప్పు, పసుపు, నూనె ఏవీ లేకుండా ఉడికించి, పీచులుగా తీసి, ఉడికిన నీళ్లతోనే కలిపి పెట్టండి. 100 గ్రాముల్లో సుమారు 165 కిలోక్యాలరీలుంటాయి. కానీ మూడు నాలుగు రోజులకే. అందులో కాల్షియం లేదు, టారిన్ చాలదు.

మలం వారం పాటు గట్టిగా నిలిచి, డాక్టరు సరేనంటే పాత తిండికి మళ్లొచ్చు. మళ్లేటప్పుడూ అదే వారం పద్ధతి, ఈసారి పావు వంతు పాతది. సగం దగ్గర మళ్లీ పలచబడితే అక్కడే ఆపి, రెండు రోజులు వెనక్కి వెళ్లండి. రెండోసారీ అదే జరిగితే తేడా ఆ పాత తిండిలోనే ఉంది. దానిలోని మాంసం ఏ రకమో సంచి వెనక చూసి రాసుకుని డాక్టరుకు చూపించండి.