ఫెలనీ శిక్ష తర్వాత: డిగ్రీనా, చేతిపనా?

అమెరికాలో ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసులో శిక్ష పడి బయటికొచ్చినవాళ్లు ఎక్కువగా రెండు దారుల మధ్య ఊగుతుంటారు: కాలేజీ డిగ్రీ, లేదా వెల్డింగ్, ప్లంబింగ్ లాంటి పనిలో అప్రెంటిస్‌షిప్.

డిగ్రీకి డబ్బు గురించి మరీ బెంగ అక్కర్లేదు. జైల్లో ఉన్నవాళ్లకు 1994లో ఆపేసిన పెల్ గ్రాంట్ (చదువుకు ప్రభుత్వమిచ్చే, తిరిగి కట్టక్కర్లేని సాయం) 2023 జూలై నుంచి మళ్లీ అందుతోంది, కాకపోతే ఆమోదం పొందిన జైలు కోర్సులకే. బయటికొచ్చాక అందరిలాగే అప్లై చేయొచ్చు. డ్రగ్స్ కేసు ఉన్నా అడ్డు కాదు. అసలు టెన్షన్ చదువయ్యాకే. నర్సింగ్, టీచింగ్, లా వంటివాటికి లైసెన్స్ కావాలి. అది ఇచ్చేవాళ్లు పాత కేసంతా తిరగేస్తారు. నాలుగేళ్లు చదివి ఆ గుమ్మం దగ్గర ఆగిపోతే ఆ బాధ చెప్పతరం కాదు. అందుకే చేరకముందే లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర బోర్డును అడగాలి. చాలా రాష్ట్రాల్లో ముందే నిర్ణయం చెప్పించుకునే వీలుంది, ఎందుకో చాలామంది దాన్ని వాడుకోరు.

అప్రెంటిస్‌షిప్‌లో మొదటి రోజు నుంచే జీతం. అద్దె కట్టాలి, పెరోల్ ఆఫీసర్‌కు ఉద్యోగం చూపించాలి అన్నవాళ్లకు ఇదే పెద్ద తేడా. యజమాని జంకితే ఫెడరల్ బాండింగ్ ప్రోగ్రామ్ ఉంది: ఉద్యోగి దొంగతనం, మోసం చేస్తే వచ్చే నష్టానికి మొదటి ఆరు నెలలు కనీసం 5,000 డాలర్ల హామీ, ఫీజు లేకుండా. ఒళ్లు హూనమయ్యే పని, నిజమే. ఎలక్ట్రీషియన్‌కైతే చాలాచోట్ల లైసెన్స్ కూడా కావాలి.

నన్నడిగితే ముందు చేతిపని. డిగ్రీ సాయంత్రం క్లాసుల్లో, మెల్లగా.