విడదీసే మెదడు మోడల్, టెన్త్ పిల్లలకి బాగా పనికొస్తుంది

మా పాపకి నాడీవ్యవస్థ పాఠం ఎంత చదివినా బుర్రకెక్కట్లేదని ఈ ప్లాస్టిక్ మెదడు మోడల్ తెప్పించా, నిజంగా బాగుంది. మస్తిష్కం, అంటే మెదడులో అన్నిటికన్నా పెద్ద భాగం, రెండు సగాలుగా ఊడొస్తుంది, వెనక కింద అనుమస్తిష్కం వేరే రంగులో ఉంది, మనం తూలకుండా నిలబడేలా చూసేది ఇదే కదా అని పాప తనే చెప్పింది, ఆ కిందే గుండె, ఊపిరి చూసుకునే మజ్జాముఖం. మెదడు నుంచి వచ్చే 12 జతల కపాల నాడులకి నంబర్లు కూడా వేశారు. కాకపోతే వెన్నుపాము కాస్తే ఇచ్చి ఆపేశారు, దాన్నుంచి వచ్చే 31 జతల నాడులు అసలు లేవు, వేడి గిన్నె తగిలితే మెదడుకి తెలిసేలోపే చెయ్యి ఎలా వెనక్కొస్తుందో, ఆ ప్రతీకార చర్య దీంతో చూపించలేం, అది నేను కాగితం మీద గీసి చెప్పా. ముక్కల్ని కలిపి ఉంచే అయస్కాంతాలు గట్టివే, లేబుల్ స్టిక్కర్లు మాత్రం వారానికే లేచిపోయాయి. ఇంట్లో టెన్త్ పిల్లలుంటే తీసుకోండి.