పాత లేత్ కొనబోయేవారికి హెచ్చరిక: కొత్త రంగు చూసి అడ్వాన్స్ ఇవ్వకండి

ఇంటి దగ్గర చిన్న వర్క్‌షాపు పెట్టుకుందామని పాత లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) కోసం బెంగళూరు పీణ్యా పారిశ్రామిక ప్రాంతంలో తిరుగుతున్న తెలుగువారు ఎవరైనా ఉంటే, డబ్బు చేతులు మారకముందే ఇది చదవవలసిందిగా కోరుతున్నాను.

ఐటీఐలో లేత్ పని నేర్పే టర్నర్ ట్రేడు చదివి, ఆ తరువాత ఇరవై రెండేళ్లు కంప్యూటర్ ముందే గడిపిన నేను, మళ్లీ ఇనుము పట్టుకోవాలన్న కోరికతో మొన్న వేసవిలో నాలుగున్నర అడుగుల లేత్ ఒకటి 85,000 రూపాయలకు కొన్నాను. షెడ్డులో అది కొత్త ఆకుపచ్చ రంగుతో నిగనిగలాడుతూ ఉంది. అమ్మినాయన చక్‌లో (ముక్కను పట్టి తిప్పే భాగం) పొట్టి ముక్క బిగించి తిప్పి చూపించాడు. చప్పుడు లేదు, కోత నున్నగా వచ్చింది. "మన తెలుగువాళ్లే కదా సార్, మీకు తప్పు మిషన్ ఇస్తామా" అన్న మాటకు, నేను చదివిన చదువంతా ఆ పూటకు మరిచిపోయాను.

ఇంటికి తెచ్చి లెవెల్ సరిచేశాక, 25 మి.మీ. ఎమ్మెస్ (మెత్తని ఉక్కు) రాడ్డును సెంటర్ల (రెండు చివరలనూ ఆనించే మొనల) మధ్య పెట్టి 200 మి.మీ. పొడవున తేలిక కోత వేసి మైక్రోమీటరుతో కొలిస్తే, రెండు చివరల వ్యాసంలో 0.18 మి.మీ. తేడా వచ్చింది. టెయిల్‌స్టాక్ (చక్‌కు ఎదురుగా, రాడ్డు రెండో చివరను ఆనించే భాగం) పక్కకు జరిగి ఉంటుందని మొదట దాన్నే సరిచేశాను. చివరలు కలిశాయి గానీ, నడుమ కొలత మాత్రం కుదరలేదు. అప్పుడు అనుమానం వచ్చి, చక్ దగ్గర శాడిల్ (కోత పనిముట్టును మోస్తూ జారే భాగం) ఊగకుండా జిబ్ (దాని వదులు తీసే పట్టీ) బిగించి, దాన్ని హ్యాండిల్‌తో టెయిల్‌స్టాక్ వైపు నడిపితే, రెండు జానలు పోయేసరికి హ్యాండిల్ కదలనంతగా బిగుసుకుంది. గైడ్‌వే (శాడిల్ జారే పట్టా) అంచున గోటితో అడ్డంగా గీస్తే చక్ దగ్గర స్పష్టంగా మెట్టు తగిలింది, రెండో చివర ఏమీ తగలలేదు. ఏళ్ల తరబడి చిన్న జాబులన్నీ చక్ దగ్గరే చేస్తారు కాబట్టి బెడ్ (ఆ పట్టాలున్న పొడవాటి దిమ్మ) అక్కడే అరుగుతుంది. అరగని చోటికి వచ్చేసరికి శాడిల్ బిగుసుకున్నది అందుకే. ఆ అరుగుదల మధ్యనే పొట్టి ముక్క కోసి చూపిస్తే లోపం బయటపడదు. నిజానికి ఆ గోటి పరీక్షకు షెడ్డులో అర నిమిషం కూడా పట్టేది కాదు.

మోటారు త్రీఫేజ్‌ది కావడం వల్ల ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటును త్రీఫేజ్‌గా మార్చే డ్రైవ్ వేరే పెట్టుకోవలసి వచ్చింది. అది సరే అనుకుంటే, చేంజ్ గేర్లలో (కోయవలసిన మరను బట్టి మార్చే పళ్ల చక్రాలు) 127 పళ్లది లేదని తరువాత తెలిసింది. లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు శాడిల్‌ను నడిపే పొడవాటి మర) అంగుళాలది. అంగుళం అంటే 25.4 మి.మీ., ఐదు అంగుళాలు 127 మి.మీ. కాబట్టి, ఆ గేరు లేకుండా మిల్లీమీటరు మరలు కచ్చితంగా రావు. గేర్లను బల్ల మీద పరిచి, ఒక్కొక్కదాని పళ్లు లెక్కపెట్టుకున్నాకే బేరమాడండి. డయల్ గేజ్ (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) కూడా మీదే తీసుకెళ్లండి. అమ్మేవారు దానికి అభ్యంతరం చెబితే అక్కడితో వెనక్కి వచ్చేయడమే మంచిది.

అమ్మినాయనకు ఫోన్ చేస్తే, "పాత మిషన్ అంటే అంతే సార్, చూసుకునే కదా తీసుకున్నారు" అన్నాడు. ఆయన ఇచ్చిన చీటీలో మిషన్ నంబరు లేదు, "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట మాత్రం ఉంది. బెడ్ గ్రైండింగుకు (సానపట్టి సమం చేయడం), శాడిల్ స్క్రేపింగుకు (అడుగును గీకి సరిగ్గా ఆనేలా చేయడం) ఇద్దరిని అడిగితే, ఇద్దరూ చెప్పిన ధర లేత్ ధరలో సగం దాటింది. ప్రస్తుతానికి దాని మీద జానెడు లోపు జాబులే చేసుకుంటున్నాను.