తాతగారి ‘సంపూర్ణ డీఎన్ఏ ప్రొఫైలు’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

చనిపోయిన తాతముత్తాతల డీఎన్ఏను వారి పిల్లల, బంధువుల లాలాజలం నుంచి తిరిగి కూర్చి ఇస్తామనే సంస్థలు ఈమధ్య పుట్టుకొస్తున్నాయి. అలాంటి ఒక సంస్థకు మా కుటుంబం 58 వేల రూపాయలు కట్టింది. వ్యవహారం ఇప్పుడు వినియోగదారుల కమిషన్ ముందు ఉంది కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్లు ఇచ్చిన ఫైలులో ఏముందో, అది ఎందుకు చెల్లదో రాయడానికి మాత్రం అడ్డేమీ లేదు. రేపు మీ దగ్గరికి వచ్చేది వాళ్లే కావచ్చు, మరొకరు కావచ్చు. పరీక్షించే పద్ధతి తెలిస్తే ఎవరి సరుకైనా పట్టుకోవచ్చు.

ఈ విద్య మొత్తంగా బూటకమని నేను అనడం లేదు. తండ్రి డీఎన్ఏలో సగం బిడ్డకు వస్తుంది, ఏ సగమన్నది బిడ్డ బిడ్డకూ మారుతుంది. కనుక ఒక బిడ్డ నుంచి తండ్రిలో 50 శాతం, ఇద్దరి నుంచి సగటున 75, ముగ్గురి నుంచి 87.5, నలుగురి నుంచి దాదాపు 94 శాతం రాబట్టే వీలుంది. అయితే బిడ్డలో ఉన్నదాంట్లో తండ్రిది ఏదో, తల్లిది ఏదో వేరుచేయాలి. తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడు తండ్రి వైపు బంధువులతో పోల్చి ఆ పని చేస్తారు. నాన్నకూ, తాతగారి తమ్ముడి కొడుక్కూ క్రోమోజోములో ఒకే చోట ఒకే ముక్క కనిపిస్తే, అది తాతగారి ద్వారా వచ్చిందని లెక్క. డీఎన్ఏ ఫైళ్లను పోల్చిచూసే జెడ్‌మ్యాచ్ వెబ్‌సైటులో ఉన్న లాజరస్ అనే పరికరం చేసేది ఇదే. అలా పోగైన ముక్కల మొత్తం పొడవు కనీసం 1500 సెంటీమోర్గన్లు (డీఎన్ఏ ముక్కల పొడవుకు కొలత ఇది) ఉంటేగాని, తయారైన ప్రొఫైలును ఇతరులందరితో పోల్చడానికి అది ఒప్పుకోదు. ముక్క దొరకని చోటును ఖాళీగా వదిలేస్తుంది. మా తగాదా అంతా ఆ ఖాళీల గురించే.

మాకు ఇది ఎందుకు కావలసి వచ్చిందంటే, తాతగారి అన్నగారు కుర్రతనంలో కాకినాడ రేవు నుంచి రంగూన్ వెళ్లిపోయారు. 1942లో జపాన్ సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు కాలినడకన వెనక్కి బయలుదేరారు. తిరిగి వచ్చినవారిలో ఆయన లేరు, ఆ తర్వాత ఉత్తరం కూడా లేదు. ఆయన సంతానం ఎక్కడైనా ఉంటే వారికి మా నాన్నకన్నా తాతగారు ఒక తరం దగ్గర. అంటే, మేనరికం లేని ఇళ్ల లెక్కలో, తాతగారి ప్రొఫైలుతో వారి పోలిక నాన్నతో కన్నా సగటున రెట్టింపు ఉంటుంది. దూరపు చుట్టరికాలు వెతికేటప్పుడు ఆ తేడా చిన్నది కాదు. తాతగారు 1968లో పోయారు, దహనం చేశారు. చితి వేడికి పనికొచ్చే డీఎన్ఏ మిగలదు. సంస్థ ప్రతినిధి మాత్రం “అస్థికలు ఏమైనా దాచుకున్నారా సార్?” అని అడిగాడు. గోదావరిని అడగమన్నాను.

అమ్మకం మాటల్లో ఐస్‌లాండ్ ప్రస్తావన తప్పకుండా వస్తుంది. ఆ ఉదాహరణ నిజమే, అందుకే జనం నమ్ముతారు. హాన్స్ జొనాటన్ 1784లో కరీబియన్ దీవి సెయింట్ క్రోయిలో బానిస తల్లికి పుట్టాడు. 1802లో ఐస్‌లాండ్ చేరి, అక్కడే కాపురం పెట్టి, 1827లో మరణించాడు. రేక్యవిక్‌లోని డీకోడ్ జెనెటిక్స్ శాస్త్రవేత్తలు ఒక్క ఎముకైనా లేకుండా, కేవలం వారసుల డీఎన్ఏతో, ఆయనకు తల్లి నుంచి వచ్చిన జన్యువులను తిరిగి కూర్చి 2018లో ప్రచురించారు. బ్రోచరులో ఇక్కడితో ఆపేస్తారు. ఆ పనికి 182 మంది వారసులను పరీక్షించారు. దొరికింది తల్లి వైపు సగంలో 38 శాతం, అంటే మొత్తం మనిషిలో ఐదో వంతు కూడా కాదు. అదైనా ఎలా కుదిరింది? ఆనాటి ఐస్‌లాండ్‌లో ఆఫ్రికా మూలాలున్న మనిషి దాదాపుగా ఆయన ఒక్కడే కనుక, వారసుల్లో ఆఫ్రికా ముక్క కనిపిస్తే అది ఆయన సొత్తే. పైగా ఆ దేశంలో వంశావళులు పక్కాగా రాసి ఉన్నాయి. అంత అనుకూలమైన చోట 182 మందితో వచ్చింది అంత. నాన్న, బాబాయి, తాతగారి తమ్ముడి కొడుకు, ఈ ముగ్గురి లాలాజలంతో మాకు “98.6 శాతం సంపూర్ణం” అని ధ్రువపత్రం ఇచ్చారు. బంగారు అంచు వేసి మరీ. దానికి తోడు కంప్యూటర్ గీసిన ముఖచిత్రం ఒకటి. అందులో తాతగారు అచ్చం సినిమా హీరోలా ఉన్నారు. నాయనమ్మ ఉంటే నవ్వి పోయేది.

ధ్రువపత్రం పక్కన పెట్టి ముడి ఫైలు తెరవండి. లక్షల వరుసలుంటాయి. ప్రతి వరుసలో ఒక గుర్తు, క్రోమోజోము సంఖ్య, దానిలో స్థానం, చివరి గడిలో రెండు అక్షరాలు. డీఎన్ఏ రాతలో ఉండే ఏ, సీ, జీ, టీలలో తండ్రి నుంచి వచ్చింది ఒకటి, తల్లి నుంచి వచ్చింది ఒకటి. నిజాయతీగా కూర్చిన పూర్వీకుల ఫైలులో ఆ చివరి గడిలో చాలాచోట్ల రెండు అడ్డగీతలు కనిపిస్తాయి, ఇక్కడ ఏముందో తెలియదని దాని అర్థం. మా ఫైలంతా గాలించినా ఒక్క అడ్డగీత లేదు.

అప్పుడు ఎక్స్ క్రోమోజోము వరుసలకు వెళ్లాను. ఇది పదో తరగతి జీవశాస్త్రం. తండ్రి కొడుక్కి ఇచ్చేది వై, కూతురికి ఇచ్చేది ఎక్స్. మేం పంపిన నమూనాల్లో తాతగారి సంతానం ఇద్దరూ కొడుకులే. అంటే ఆయన ఎక్స్ నుంచి వారికి ఒక్క అక్షరం కూడా వచ్చి ఉండదు. అయినా ఫైలులో తాతగారి ఎక్స్ మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా నిండుగా ఉంది. ఇంతకన్నా విడ్డూరం మరొకటి. మగవాడికి ఉండేది ఒకే ఎక్స్ కాబట్టి, రెండు కొసల్లోని కొద్ది భాగం మినహాయిస్తే, ఆ గడిలో ఒకే అక్షరం రావాలి. కొన్ని కంపెనీలు దాన్నే రెండుసార్లు వేసి ఏ-ఏ అనో జీ-జీ అనో చూపిస్తాయి, అది సరే. ఏ-జీ అని రెండు వేర్వేరు అక్షరాలు వచ్చాయంటే అది రెండు ఎక్స్‌లున్న మనిషి తాలూకుది. మా తాతగారి ఎక్స్ నడిమధ్యన ఏ-జీలు, సీ-టీలు పేజీలకు పేజీలు ఉన్నాయి. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి ఎక్స్‌ను తెచ్చి ఆయనకు తగిలించారన్నమాట.

ఖాళీ గడిలో ఏ అక్షరం ఉండవచ్చో, చుట్టుపక్కల అక్షరాలను, ఇతరుల డీఎన్ఏను చూసి అంచనా వేసే పద్ధతి శాస్త్రంలో ఉంది. జబ్బుల పరిశోధనలో రోజూ వాడతారు. కానీ అంచనాను అంచనా అని గుర్తుపెట్టి ఇవ్వాలి. ఆ గుర్తు చెరిపేసి ఇస్తే, 98.6 అన్నది తాతగారి శాతం కాదు, నింపిన గడుల శాతం.

తర్వాతి పరీక్ష మా పెద్ద మేనత్తతో. ఆమెకు వేరేచోట ముందే పరీక్ష చేయించాం, ఆ నమూనా ఈ సంస్థకు ఇవ్వలేదు. ఇలా ఒకరిని బయట ఉంచడం చాలా అవసరం, తూకం సరిచూడటానికి చేతిలో సొంత రాయి ఉన్నట్టు. తండ్రికీ కూతురికీ 22 క్రోమోజోముల పొడవునా పోలిక ఎక్కడా తెగకూడదు. మొత్తం 3400 సెంటీమోర్గన్లకు కాస్త అటూ ఇటూ రావాలి. ‘సంపూర్ణ’ తాతగారికీ ఆమెకూ వచ్చింది 2100. మూడో క్రోమోజోము పటంలో పోలిక సగం దూరం పచ్చగా సాగి, ఉన్నట్టుండి ఎర్రబడి, కొసన మళ్లీ పచ్చబడింది. సగం దాకా తండ్రి, ఆపైన పరాయివాడు! ఈ సంగతి ఫోనులో చెబితే ప్రతినిధి ఇచ్చిన జవాబు వినండి: “మీ మేనత్తగారు తాతగారి కూతురేనా కాదా అన్నది ముందు ఇంట్లో విచారించుకోండి సార్.” ఆమె, నాన్న పూర్తి తోబుట్టువులుగా నూటికి నూరుపాళ్లు సరిపోలుతున్నారు, ఆ పటం నా దగ్గర ఉంది. తమ సరుకు లోపం కప్పిపుచ్చుకోవడానికి ఎనభై దాటిన పెద్దావిడ పుట్టుకను అనుమానించే మనుషులు వీళ్లు. డబ్బు సంగతి మరిచిపోయినా ఈ మాట మరిచిపోను.

నివేదిక చివరి పేజీలో ‘దొరికిన రక్తసంబంధీకులు’ అని ఒక పట్టిక ఉంది. మొదటి వరుసలో మలేసియాలోని పెనాంగ్ కుటుంబం ఒకటి, తాతగారి ఫైలుతో 96 సెంటీమోర్గన్ల పోలిక. నాన్న ఆ పేజీ చూసి పాస్‌పోర్టు ఎక్కడుందని అడిగారు. ఆ పెనాంగ్ మనిషిని నాన్నతో విడిగా పోల్చాను, సున్నా. బాబాయితోనూ సున్నా. తాతగారి ఫైలు తయారైందే వీరిద్దరి నుంచి కదా, మరి ఆ ఫైలుతో కలిసే మనిషి వీరిలో ఒకరితోనైనా కలవకుండా ఎలా ఉంటాడు? అతను కలిసింది తాతగారితో కాదు, ఖాళీలు నింపడానికి వాడిన ఎవరి డీఎన్ఏతోనో. ఇటువంటి పట్టిక చేతికి వచ్చినవారు విమానం టికెట్టు కొనేలోపు ఈ ఒక్క పోలికైనా చూసుకోండి.

ఇక మేనరికం. ఇది మోసగాళ్ల సంస్థకే కాదు, నిజాయతీగల పరికరానికి కూడా గండమే. మా తాతగారు చేసుకున్నది సొంత అక్కగారి కూతురిని. ఆ తరంలో తెలుగు ఇళ్లలో ఇది మామూలు. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు డీఎన్ఏ ఉమ్మడి. ఇప్పుడు పైన చెప్పిన లెక్క వేయండి. తాతగారి తమ్ముడి కొడుకుతో నాన్నకు ఒక ముక్క కలిసింది. అది తాతగారి నుంచి వచ్చిందా, నాయనమ్మ నుంచి వచ్చిందా? నాయనమ్మ తల్లి ఆ తమ్ముడికీ అక్కే. తాతగారి తరఫు చుట్టాలందరూ నాయనమ్మకూ రక్తసంబంధీకులైనప్పుడు దేన్ని పట్టుకుని విడదీస్తారు? ఆలుమగలకు మధ్య రక్తసంబంధం లేదన్న నమ్మకంతోనే ఈ పరికరాలు పని మొదలుపెడతాయి. సంస్థ దరఖాస్తులో మేనరికం గురించి ప్రశ్నే లేదు. నేను విడిగా రాసి పంపిన వంశవృక్షానికి వచ్చిన జవాబు: “అందింది, ధన్యవాదాలు.”

ఈ ముడి కొంతవరకు విప్పవచ్చు. నాయనమ్మ తండ్రి తరఫువారు తాతగారికి రక్తసంబంధీకులు కాకపోతే వారిలో ఒకరిద్దరిని పరీక్షించాలి. వారితో నాన్నకు కలిసే ముక్కలు నాయనమ్మవే కనుక, ఆ చోట్ల మిగిలిన రెండో ప్రతి తాతగారిది అవుతుంది. శ్రమతో కూడిన పని, పూర్తిగా తేలదు కూడా. డబ్బు తీసుకునేవారు ఈ మాట ముందే చెప్పాలి.

మేనరికం లేని కుటుంబాలకూ కులంలోపలి పెళ్లిళ్ల చిక్కు ఉంటుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం, మన దేశంలో చాలా సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చాయని చూపింది. ఆంధ్రప్రదేశ్ వైశ్యులు అందులో ప్రముఖంగా కనిపించే ఉదాహరణ. ఇలాంటిచోట ఎనిమిదో పదో సెంటీమోర్గన్ల ముక్క కలిసిందని వరస కలుపుకుంటే ఊళ్లో సగం మంది దాయాదులు అవుతారు.

సంస్థవారు అదనంగా 22 వేలకు మరో సేవ అంటగట్టబోయారు: పాత ఉత్తరాల అంచుకు అంటిన ఉమ్మి నుంచి డీఎన్ఏ తీస్తారట. విదేశాల్లో కవర్ల మీద ఈ ప్రయత్నాలు జరిగిన మాట నిజం. కానీ మన ఇళ్లలో ఇన్‌లాండు ఉత్తరాన్ని నాలుకతో తడిపినవారెందరు, అన్నం మెతుకులతో అంటించినవారెందరు? పోస్టాఫీసు గోడ పక్కన జిగురు డబ్బా ఉండేది. ఒకవేళ తడిపినా, చదువురాని మా తాతగారి ఉత్తరాలు రాసి అంటించింది కరణంగారు.

నమూనా ఇచ్చే ముందు ఒప్పందం చివరి పేజీలు చదవండి. మా దానిలో సమాచారాన్ని ‘అనుబంధ సంస్థలతో’ పంచుకునే హక్కు సంస్థకు ఉందని సన్న అక్షరాల్లో ఉంది. అమెరికాలో డీఎన్ఏ పరీక్షలు చేసే 23అండ్‌మీ అంత పెద్ద కంపెనీలోనే 2023లో దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటపడ్డాయి. 2025 మార్చిలో అది దివాలా పిటిషన్ వేశాక, ఖాతాదారుల జన్యు సమాచారం కూడా అమ్మకానికి పెట్టిన ఆస్తుల్లో చేరింది. మీ ఉమ్మితో మీ ఒక్కరి వివరాలే పోవు, తోబుట్టువులవీ, పిల్లలవీ పోతాయి. మిగిలిన నమూనా ధ్వంసం చేసినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

ఈ పని నిజంగా కావాలనుకునేవారు ముందుగా ఇంట్లో అందరికన్నా పెద్దవారిని, వారి సమ్మతితో, పరీక్ష చేయించండి. పరీక్ష ఈరోజు కాకపోతే రేపైనా చేయవచ్చు, మనుషులు ఆగరు. మేనత్తలను వదిలేయవద్దు, తాతగారి ఎక్స్ వారి దగ్గరే ఉంది. తాతగారి వై మీ నాన్నలో ఎలాగూ ఉంది, దానికి పునర్నిర్మాణంతో పనిలేదు. ముక్కలు ఎవరి నుంచి వచ్చాయో రంగులు వేసి గుర్తించుకోవడానికి డీఎన్ఏ పెయింటర్ అనే వెబ్‌సైటు ఉంది. ఓపిక ఉంటే ఇంట్లో కూర్చుని చేసుకునే పనే ఇది. ఎవరికైనా డబ్బు కట్టే పక్షంలో మూడు విషయాలు ముందే రాయించుకోండి: నేరుగా దొరికిన ముక్కల మొత్తం ఎన్ని సెంటీమోర్గన్లు, ఏ ముక్క ఏ ఇద్దరి పోలికతో వచ్చింది, అంచనాతో నింపిన గడులు ఏవి. మా సంస్థను ఈ మూడూ అడిగితే ‘వ్యాపార రహస్యం’ అన్నారు.

మొదట 1915కు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేయించాను, ఫలితం లేకపోయాక జిల్లా కమిషన్‌లో కేసు వేశాను. నోటీసు అందిన వారంలోనే సంస్థ నుంచి మెయిలు వచ్చింది: సగం డబ్బు వెనక్కి ఇస్తారట, నేను కేసు ఉపసంహరించుకుని, వారి గురించి ఇకపై ఎక్కడా రాయనని సంతకం పెట్టాలట. ఎక్స్ వరుసల సంగతి, మేనత్తను అన్న మాట సంగతి అందులో లేవు. ఒప్పుకోలేదు. ఇలాంటి ధ్రువపత్రం మీ దగ్గరా ఉంటే, ఎక్స్ వరుసలు, బయట ఉంచిన ఒక సంతానంతో పోలిక, ఈ రెండింటి ప్రింట్లు తీసి పెట్టుకోండి. ఫిర్యాదుకు జతచేయడానికి అవి చాలు. నా ఫిర్యాదు పాఠం తెలుగులోనే ఉంది, అడిగినవారికి పంపుతాను.