అలారానికే గ్యారంటీ, బండికి కాదట

హనుమకొండలో ములుగు రోడ్డు వైపున్న ఒక యాక్సెసరీస్ షాపు గురించి ఇది. పేరు రాయను. బేస్ మోడల్ కారు కాబట్టి రిమోట్ లాక్, అలారం అక్కడే పెట్టించాం. పనితనం నున్నగా కనిపించింది. సైరన్ అయితే వీధంతా వినపడేది.

వానలు మొదలయ్యాక అర్ధరాత్రి ఇండికేటర్లు వాటంతటవే వెలగడం, పొద్దున సెల్ఫ్ పడకపోవడం. బండి ఇంకా కంపెనీ వారంటీలోనే ఉంది. సర్వీస్ సెంటర్ వాళ్లు స్టీరింగ్ కిందకి ఒక్కసారి తొంగిచూసి, "బయట వైరింగ్ కట్ చేశారు మేడం, దీనికి వారంటీ రాదు" అని చెకింగ్ కింద 850 తీసుకున్నారు. కోపమొచ్చింది కానీ, వారంటీ బుక్కులో ఆ ముక్క ఉంది.

అసలు సంగతి తేల్చింది కాజీపేటలో ఒక పెద్దాయన. బ్యాటరీ నెగటివ్ తీసి మధ్యలో కరెంటు కొలిచే మల్టీమీటర్ పెట్టాడు. లాక్ చేసిన బండి 50 మిల్లీ ఆంపియర్ల లోపే లాగాలి. మాది 380 లాగుతోంది. ఆ లెక్కన 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ నాలుగు రోజుల్లో ఖాళీ. అలారం వైరు ఊడదీయగానే 30కి పడింది. డాష్‌బోర్డు కింద వైర్లు గిచ్చి, చేత్తో మెలేసి, నల్ల టేపు చుట్టారు. ఎండలకు జిగురు కారిపోయి రాగి తీగలు బయటికొచ్చాయి. పవర్ వైరుకు ఫ్యూజే లేదు! అంటుకోలేదు, అదృష్టం. ఆయన సోల్డరింగ్ చేసి, స్లీవ్ వేసి, ఫ్యూజ్ పెట్టి 1,500 తీసుకున్నాడు. ఇవ్వబుద్ధయ్యే డబ్బు.

షాపాయన మాట వినండి: "అలారానికి ఏడాది గ్యారంటీ మేడం, పెట్టె మార్చిస్తాం. బండి వైరింగ్ మాకేం సంబంధం?" పెట్టె బాగానే ఉంది మహానుభావా, చెడింది నీ జాయింటు! నా దగ్గరున్న జీఎస్టీ బిల్లులో ఫిట్టింగ్ చార్జీ విడిగా రాసి ఉంది. డబ్బు తీసుకుని చేసిన పని చెడితే అది సేవా లోపమే, 2019 వినియోగదారుల చట్టం అదే చెప్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, కాదంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతా, ఐదు లక్షల లోపు ఫీజు కూడా లేదు, రెండేళ్ల టైముంది అన్నాను. మెకానిక్ రాసిచ్చిన కాగితం, టేపు ఫొటోలు కౌంటర్ మీద పెట్టాక గొంతు తగ్గింది. 1,500 ఇచ్చాడు. సర్వీస్ సెంటర్ 850 మాత్రం "అది వాళ్లనడగండి" అంటున్నాడు.

మీరు వెళ్తే వైర్లు కోయకుండా, కంపెనీ ప్లగ్గులకే నేరుగా తగిలించే కప్లర్ టు కప్లర్ కిట్టే అడగండి, ఫిట్టింగ్ మాట బిల్లులో రాయించుకోండి.

ప్రస్తుతానికి రెండు స్టార్లు. ఆ 850 ఇస్తే మూడోది వేస్తా.