నీళ్ల శాంపిల్‌లో ఏ ఉప్పు మేలు: సోడియం క్లోరైడా, సోడియం సల్ఫేటా?

హెడ్‌స్పేస్ జీసీలో (సీసాలో నీళ్ల పైన చేరిన ఆవిరిని గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కి పంపి కొలిచే పద్ధతి) బెంజీన్, టోలీన్ చూసేవాళ్లు పదే పదే అడుగుతున్నారు, శాంపిల్‌లో ఏ ఉప్పు వేయాలని. ఉప్పు కరిగితే ఆర్గానిక్స్ (బెంజీన్ లాంటి కర్బన పదార్థాలు) నీళ్లలో ఇమడలేక బయటికి వస్తాయని మీకు తెలుసు కాబట్టి నేరుగా లెక్కలోకి వెళ్దాం.

కాగితం మీద సల్ఫేట్‌దే గెలుపు. బెంజీన్‌కి సెచెనోవ్ స్థిరాంకం (లీటరుకి ఒక మోలు ఉప్పు వేస్తే కరగడం ఎంత తగ్గుతుందో లాగ్ లెక్కలో చెప్పే అంకె) సోడియం క్లోరైడ్‌తో సుమారు 0.195, సోడియం సల్ఫేట్‌తో 0.55. మోలుకి మోలు చూస్తే దాదాపు మూడు రెట్లు. చాలామంది ఇక్కడే ఆగిపోయి సల్ఫేట్ సీసా ఆర్డర్ పెట్టేస్తారు. కానీ మనం బ్యాలెన్స్ మీద తూచేది గ్రాములు కదా! క్లోరైడ్ మోలు 58 గ్రాములు, సల్ఫేట్ మోలు 142. గ్రాముకి గ్రాము పోల్చితే ఆ మూడు రెట్ల తేడా కాస్తా 15 శాతానికి దిగుతుంది.

నా లెక్కలో తేల్చేది మాత్రం నీళ్లలో ఎంత ఉప్పు పడుతుందన్నదే. 25 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లలో క్లోరైడ్ 36 గ్రాములు, సల్ఫేట్ 28 గ్రాములు కరుగుతాయి. అంటే లీటరుకి దాదాపు 5.4 మోళ్లు, 1.8 మోళ్లు. రెండింట్లోనూ బెంజీన్ కరిగే మోతాదు ఇంచుమించు పదో వంతుకి పడిపోతుంది, ఇద్దరూ సమానం (అంత చిక్కటి ద్రావణంలో సెచెనోవ్ గీత తిన్నగా నిలవదు గానీ అంచనాకి చాలు). ఇక ఉష్ణోగ్రత మార్చి చూడండి. క్లోరైడ్‌లో పెద్ద తేడా రాదు. సల్ఫేట్ 32 డిగ్రీల దగ్గర 50 గ్రాముల దాకా కరిగేది, సున్నా దగ్గర 5 గ్రాములకి పడిపోతుంది, ఫ్రిజ్‌లోంచి తీసిన శాంపిల్‌లో వేస్తే నీళ్లు పట్టుకుని అడుగున గడ్డకడుతుంది. హెడ్‌స్పేస్‌లో వైల్ (శాంపిల్ ఉండే చిన్న సీసా) ఎలాగూ 60 డిగ్రీలకి వేడెక్కుతుంది కదా అంటే నిజమే, అక్కడ సల్ఫేట్ ముందుంటుంది, మరీ చిన్న పీకులు (గ్రాఫ్‌లో పదార్థాన్ని చూపే శిఖరాలు) పట్టాలంటే అదే వాడండి. గది ఉష్ణోగ్రతలో చేసే లిక్విడ్-లిక్విడ్ ఎక్స్‌ట్రాక్షన్‌కి (నీళ్లలోంచి పదార్థాన్ని వేరే ద్రావకంలోకి లాగడం), రోజువారీ పనికి నా ఓటు క్లోరైడ్‌కే.

పది ఎంఎల్‌కి నాలుగు గ్రాములు వేస్తాను, కొంచెం అడుగున మిగలాలి. దీనివల్ల ఇంకో లాభం ఉంది. విశాఖ సముద్రపు నీళ్లలో ముందే సాధారణంగా లీటరుకి 30 గ్రాములకి పైగా లవణాలు ఉంటాయి, వాటి వల్లే బెంజీన్ కరగడం సుమారు 20 శాతం తగ్గుతుంది, కాబట్టి డిస్టిల్డ్ వాటర్‌లో చేసిన స్టాండర్డ్‌తో (తెలిసిన మోతాదు కలిపిన నమూనా) పోలిస్తే రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది. రెండింట్లోనూ ఉప్పు మిగిలేదాకా వేస్తే ఆ తేడా చాలావరకు పోతుంది.

నీరు లేని (అన్‌హైడ్రస్) మెగ్నీషియం సల్ఫేట్ కలిపితే శాంపిల్ వేడెక్కుతుంది, తేలిగ్గా ఆవిరయ్యేవాటికి పనికిరాదు. అమ్మోనియం సల్ఫేట్‌ని మలినాలు పోయేలా ఫర్నేస్‌లో కాల్చలేం, విడిపోతుంది. వంటింటి ఉప్పు మాత్రం వద్దు, అందులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపేవి ఉంటాయి.

క్లోరైడ్, సల్ఫేట్ రెండూ 450 డిగ్రీలకి తట్టుకుంటాయి, వాడేముందు మఫుల్ ఫర్నేస్‌లో కొన్ని గంటలు కాల్చండి, లేకపోతే బ్లాంక్‌లోనే (శాంపిల్ లేని ఉత్త నీళ్ల పరీక్ష) థాలేట్ (ప్లాస్టిక్ నుంచి వచ్చే మలినం) పీకులు వస్తాయి.